సోమవారం పంతులమ్మ

మధ్యాహ్నం రౌండ్సుకు వచ్చేసరికి ఆరో నంబరు మంచం ఖాళీగా ఉంది. దుప్పటి నీటుగా మడిచి ఉంది. ముందురోజు తాను రాసిచ్చిన కాగితం ఎగిరిపోకుండా దానిమీద ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉండడం చూసి డాక్టర్ నవనీత్ అక్కడే ఆగిపోయాడు.

"పోసవ్వా, ఈ మంచం పాప ఏది?"

వార్డు ఆయా పోసవ్వ చీపురు పక్కన పెట్టింది. "షాగుఫ్తానా సారు? పొద్దుగాల్నే తీస్కపోయిండ్రు. బిచ్కుంద అవుతల ఎవలో ఆకుపసరు పోస్తరట. షుగరు పూరాగ పోతదట."

"నిన్న అరగంట కూర్చోబెట్టి చెప్పాను కదా వాళ్లమ్మకు! అన్నింటికీ తల ఊపింది!"

"తల అందరు ఊపుతరు సారూ," అని పోసవ్వ మళ్లీ చీపురు అందుకుంది.

అది 2004 జూలై. బాన్సువాడ బస్టాండు వెనక సందులో డాక్టర్ ప్రియదర్శిని నడిపే పిల్లల దవాఖాన అది. ఇరవై మంచాలు, పైన ఒక గది, ముందర నాలుగు ఆటోలు నిలబడేంత జాగా. పిల్లల వైద్యంలో డిప్లొమా చదివే డాక్టర్లను హైదరాబాదు నుంచి రెండు మూడు నెలల కోసం ఆమె దగ్గరికి పంపేవారు. ఆ విడత వచ్చినవాడు నవనీత్ ఒక్కడే. ఇరవై ఆరేళ్లు. తల్లిదండ్రులిద్దరూ బ్యాంకు ఉద్యోగులు. పుస్తకం మొత్తం నోటికి వచ్చినవాడు. పసిపిల్లల సన్నటి నరం దొరకబుచ్చుకుని సూది పెట్టడంలో అతని చెయ్యి చూసి నర్సులే మెచ్చుకునేవారు.

షాగుఫ్తాకు ఏడేళ్లు. తండ్రి రషీద్ ఆటో నడుపుతాడు, తల్లి సుగ్రా ఇంట్లో బట్టలు కుడుతుంది. పిల్ల చిక్కిపోతోందనీ, కుండలకు కుండలు నీళ్లు తాగుతోందనీ తీసుకొస్తే షుగర్ అని తేలింది. ఇన్సులిన్ మొదలుపెట్టి మూడు రోజులైంది అంతే.

తీసుకుపోయిన నాలుగో రోజు రషీద్ ఆటోను గేటుకు అడ్డంగా వదిలేసి, పిల్లను రెండు చేతుల్లో ఎత్తుకుని లోపలికి పరుగెత్తుకొచ్చాడు. షాగుఫ్తా ఎగశ్వాసలు తీస్తోంది, కళ్లు తేలిపోతున్నాయి. నవనీత్ రెండు రోజులు ఆ మంచం పక్క నుంచి కదల్లేదు. గంటగంటకు రక్తం చూశాడు, సెలైను మార్చాడు, ఇన్సులిన్ చుక్కలు లెక్కపెట్టాడు. మూడో రోజు పొద్దున పిల్ల లేచి కూర్చుని ఇడ్లీ అడిగింది.

అప్పుడు వచ్చింది అతనికి కోపం. ప్రియదర్శిని గదిలోకి వెళ్లి, "మేడమ్, నా తప్పేం లేదు. అన్నీ చెప్పాను. కేసు షీటులో రాశాను కూడా," అన్నాడు.

"ఏం చెప్పావో నాకు చెప్పు."

అతను చెప్పాడు. జబ్బేమిటి, ఎందుకు వస్తుంది, ఇన్సులిన్ ఎందుకు, ఎలా, ఎంత, ఆపితే ఏమవుతుంది, ఒక్క ముక్క పోకుండా.

"పరీక్షలో అయితే పదికి పది వేస్తాను," అంది ప్రియదర్శిని. "మరి ఆ తల్లి ఏం విన్నది?"

నవనీత్ చేతిలోని కేసు షీటు తిప్పి చూశాడు.

"నాకూ తెలియదు. నేను తల్లిని కాదు, నువ్వు తండ్రివి కాదు. తెలిసిన మనిషిని పిలుద్దాం."

*

ఆ తెలిసిన మనిషి గంగమణి. కోటగిరి దగ్గర కాలువ కింద ఊరు వాళ్లది. భర్త ఆశన్నకు నాలుగెకరాల వరి పొలం. వాళ్ల కూతురు వందనకు ఐదేళ్లప్పుడు, తొంభై ఏడులో, ఇదే షుగర్ వచ్చింది. అప్పట్లో బాన్సువాడలో పిల్లల డాక్టరు లేకపోవడంతో పట్నం వెళ్లి వైద్యం చేయించుకున్నారు. తొంభై తొమ్మిదిలో ప్రియదర్శిని దవాఖాన తెరిచినప్పటి నుంచి నెలకొకసారి ఇక్కడికే వస్తున్నారు. కరెంటు సక్రమంగా ఉండని ఊళ్లో మట్టికుండలో తడి ఇసుక పోసి, మందు సీసాను అందులో ఉంచి కాపాడిన మనిషి గంగమణి. మూత్రంలో నీలం మందు కలిపి కాచి, ఆకుపచ్చకు తిరిగిందా ఇటుక రంగుకు తిరిగిందా అని చూసి పిల్లకెంత సూది ఇవ్వాలో చెప్పగలిగేది. ఇప్పుడు వందనకు పన్నెండేళ్లు, ఎనిమిదో తరగతి.

ఆ నెల మందు కోసం వచ్చినప్పుడు ప్రియదర్శిని సంగతి చెప్పింది. గంగమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నేను డాక్టర్లకు చదువు చెప్పుడా? మేడమ్, నేను నాలుగో తరగతిల బడి బంజేసిన."

"మందుల చదువు నేను చెప్తాలే గంగమణీ. తల్లి కుర్చీలో కూర్చుంటే ఎట్లుంటదో ఆ చదువు నా దగ్గర లేదు. నీ దగ్గర ఉంది."

గంగమణి నవ్వు ఆపింది. వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుని, "సోమవారమైతే వీలైతది," అంది.

*

పైగదిలో సగం మందుల అట్టపెట్టెలే. మిగిలిన సగంలో మూడు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. గంగమణి ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. నవనీత్ మొహం ముడుచుకుని కూర్చున్నాడు. ఒక రైతు మనిషి తనకు మాట్లాడడం నేర్పడమేమిటని అతని లోపల ఉందని ప్రియదర్శినికి తెలుసు. ఆమె నోటు పుస్తకం పట్టుకుని మూలకు జరిగింది.

"ఇప్పుడు గంగమణి బిడ్డకు ఇయ్యాలనే షుగర్ తేలింది అనుకో. ఆమెకు చెప్పు," అంది.

నవనీత్ గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా, మీ పాపకు టైప్ వన్ డయాబెటిస్ ఉంది. శరీరంలో ఇన్సులిన్ ఉత్పత్తి ఆగిపోయింది. కాబట్టి జీవితాంతం రోజుకు రెండుసార్లు ఇంజెక్షన్..."

"ఆగుండ్రి సారు." గంగమణి చెయ్యి ఎత్తింది. "గా మాట మల్లొకపారి అనుండ్రి."

"ఏ మాట? ఇన్సులినా?"

"కాదు. జీవితాంతం."

"జీవితాంతం," అన్నాడు నవనీత్, అర్థం కాక.

 గంగమణి నిమ్మళంగా చెప్పడం మొదలుపెట్టింది.

"పట్నంల పెద్ద దవాఖానల మాకు చెప్పినాయన సుత మీ ఈడోడే. మంచోడే, తిట్టలేదు, కసరలేదు. వరండల నిలబడి చెప్పిండు. అటు ఇటు మంది పోతుండ్రు. ఆయన అన్నవాట్ల నా చెవుల పడ్డది ఒక్కటే మాట, గిదే. మా దిక్కు గీ మాట ఎవలంటరు సారూ? పుస్తకాల మాట. జీవితం... అంతం. నా బిడ్డ జీవితం అంతమైతది, గప్పటిదాంక సూదులిస్తం అని చెప్తుండనుకున్న."

నవనీత్ కళ్లార్పలేదు.

"మూడు దినాలు నా బిడ్డ మొకం సూడలే. సూస్తే ఏడుపొస్తది, ఏడిస్తే దానికి ఎరుకైతది. ఐదేండ్ల పోరి 'అవ్వా, అవ్వా' అనుకుంట చెయ్యి గుంజుతుంటే గోడదిక్కు మొకం పెట్టి కూసున్న. నాలుగో నాడు అక్కడ ఊడ్సేటామె అడిగింది, ఎందుకే గట్లున్నవని. చెప్తే నెత్తి కొట్టుకుంది. 'బతికినన్ని దినాలు సూదులియ్యాలన్నరే పిచ్చిదానా, సచ్చిపోతదని ఎవలన్నరు?' అన్నది. గప్పుడు పోయి నా బిడ్డను ఎత్తుకున్న."

కింద వార్డులో ఎవరో పసివాడు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. నవనీత్ మెల్లగా అడిగాడు. "అర్థమైందా అని ఆయన అడగలేదా అమ్మా?"

"అడిగిండు. అయింది సార్ అన్న. డాక్టరు అడిగితే కాలేదని ఎవలంటరు? మీరు సుగ్రాను అడగలేదా?"

అడిగాడు. అయిందనే చెప్పింది ఆమె కూడా. నవనీత్ తల వంచుకున్నాడు. "మళ్లీ మొదటి నుంచి చెప్తాను," అని కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాడు.

*

ఆ తర్వాత ప్రతి సోమవారం గంగమణి వచ్చింది. వచ్చేటప్పుడు ఉడకబెట్టిన మక్క కంకులో, మక్క గారెలో తెచ్చేది. "మెస్సుల తిండి తిని ఎట్లయిండు సూడు, నా బిడ్డకన్న బక్కగున్నడు," అని ముందు అవి తినిపించి తర్వాత పాఠం మొదలుపెట్టేది. 'సారు' అనే పిలుపు మూడో వారానికి 'కొడుకా' అయింది. ఆమె అది గమనించుకున్నట్టు లేదు, నవనీత్ మాత్రం గమనించాడు.

ఒక సోమవారం అతను చాలా బాగా చెప్పాడు. పుస్తకం మాట ఒక్కటి లేదు. చివర గర్వంగా, "సమజైందా అవ్వా?" అన్నాడు.

గంగమణి పొట్ట పట్టుకుని నవ్వింది. "భాష మారింది గని అడుగుడు మారలే కొడుకా! సమజైందా అన్నా గంతే, అర్థమైందా అన్నా గంతే. 'ఆఁ' అని లేసిపోత."

"మరేం అడగాలి?"

"నన్నే చెప్పుమను. 'ఇంటికి పోతే మీ అత్త అడుగుతది గదా, ఆమెకు ఏం చెప్తవ్?' అని అడుగు. గప్పుడు నేను తప్పు చెప్పిననుకో, నీకు దొరుకుత."

ఇంకోసారి ఆమె నిజంగా ఏడ్చింది, నటిస్తూ నటిస్తూనే. నవనీత్ కంగారుపడి ఇంకా వేగంగా, ఇంకా ఎక్కువ మాట్లాడాడు. ఇన్సులిన్ గురించి, కొత్త మిషన్ల గురించి, లోకంలో ఎంతమంది పిల్లలకు ఇది ఉందో దాని గురించి. కళ్లు తుడుచుకుని ఆమె అంది, "ఏడ్సేటప్పుడు చెవులు పనిచెయ్యయి. ఊకె కూసో. నీళ్లియ్యి. నేను తల ఎత్తినంక చెప్పు."

"ఊరికే కూర్చుంటే ఏం చేస్తున్నట్టు మేడమ్?" అని ఆ సాయంత్రం అతను ప్రియదర్శినిని అడిగాడు.

"అదే కష్టం," అంది ఆమె. "నాకు చేతకావడానికి పదేళ్లు పట్టింది."

తండా నుంచి వచ్చే సోనాబాయి, ఫిట్సు వచ్చే పిల్లవాడి తల్లి, ఒకటి రెండు సోమవారాలు వచ్చి కూర్చుంది. డాక్టరు తన కొడుకును పేరు పెట్టి పిలిచిన రోజున తనకు సగం భయం పోయిందని చెప్పింది. నవనీత్ ఆ మరునాటి నుంచి వార్డులో మంచం నంబర్లు వాడడం మానేశాడు. పేర్లు కలగలిసి తప్పులు పిలిస్తే పిల్లలే సరిచేసేవారు.

*

ఆగస్టు చివరి సోమవారం పొద్దుటి నుంచీ ఒకటే వాన. గంగమణిని మోటారుసైకిలు మీద దింపి ఆశన్న ఎప్పుడూ ఎదుటి చాయ్ హోటల్లో కూర్చునేవాడు. మాటలు తక్కువ మనిషి. ఐదేళ్లలో అతను దవాఖానలో మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ రోజు హోటలు రేకులు కారుతుంటే తలమీద తువ్వాల కప్పుకుని నిలబడ్డాడు. ప్రియదర్శిని కిటికీలోంచి చూసి కేకేసి పైకి పిలిచింది.

అతను వచ్చి తలుపు దగ్గరే, ఒక అట్టపెట్టె మీద కూర్చున్నాడు. బట్టల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఇయ్యాల ఈయనకు చెప్పు కొడుకా," అంది గంగమణి ఉత్సాహంగా. "తండ్రులకు ఎవలు చెప్పరు. అన్ని తల్లులకే చెప్తరు."

"నన్నెందుకే," అన్నాడు ఆశన్న. కానీ లేవలేదు.

నవనీత్ కుర్చీ తెచ్చి అతని ఎదురుగా వేసుకున్నాడు. తువ్వాల ఇచ్చి తుడుచుకోమన్నాడు. పాప పేరేమిటని అడిగాడు, తెలిసినా. వందన అని చెప్పాడు ఆశన్న. వందనకు ఏమైందో చెప్పాడు నవనీత్. చిన్న చిన్న మాటల్లో, మధ్యలో ఆగుతూ చెప్పాడు. తర్వాత, ఎవరూ నేర్పని ఒక మాట అతని నోట వచ్చింది.

"అన్నా, వందనకు ఈ బీమారి ఎందుకొచ్చిందని నీకు అనిపిస్తుంది?"

ఆశన్న తువ్వాల ఒళ్లో పెట్టుకున్నాడు. "ఇది ఆటనా, నిజం చెప్పాల్నా?"

"నీ ఇష్టం అన్నా."

"నేనే తెచ్చిన."

గంగమణి తల తిప్పి చూసింది.

"గప్పుడు మాది కాలువ పొంటి రెండెకరాలు చెరుకు. కోతల మీద ఉన్నం. వందన పొద్దంత నాయెంబడే ఉండేది. నేను గడ చెక్కి ముక్కలు కోసిస్తుంటే కూసోని నములుడే. మోచేతుల దాంక రసం కారేది. 'ఇంకోటి బాపు, ఇంకోటి' అనేది. ఇచ్చిన. ఇంకో నెలకు షుగర్ అన్నరు." అతని గొంతు మామూలుగానే ఉంది, చేతులే తువ్వాలను మెలిపెడుతున్నాయి. "చెరుకు తినవెట్టి బిడ్డకు నేనే షుగర్ తెచ్చిన. పట్నంల ఆ డాక్టరును అడుగుదామనుకున్న. అవునంటడేమోనని అడగలే. ఊరికచ్చి చెరుకు మోళ్లు మల్ల చిగురు పెట్టకముందే నాగలి పెట్టించి వరి ఏసిన. చెరుకుకు ఎండకాలం నీళ్లు సాలుతలేవని అందరికి చెప్పిన. గీమెకు సుత గదే చెప్పిన."

వాన రేకుల మీద మోగుతోంది.  ఈసారి నవనీత్ కంగారుతో ఏదో ఒకటి మాట్లాడలేదు. కాసేపయ్యాక ముందుకు వంగి ఆశన్న మోకాలి మీద చెయ్యి వేశాడు.

"అన్నా, చెరుకు తింటే ఈ షుగర్ రాదు. బెల్లం తిన్నా రాదు, మిఠాయి తిన్నా రాదు. ఇది పెద్దలకు వచ్చే షుగర్ కాదు. కడుపులో ఇన్సులిన్ తయారుచేసే భాగాన్ని ఒంట్లోని రక్షణ బలమే పొరపాటున పాడుచేసింది. నువ్వు ఒక్క ముక్క కూడా ఇవ్వకపోయినా వచ్చేదే."

"మరెందుకు పాడుచేసింది?"

"అది మాకూ పూర్తిగా తెలియదు."

"డాక్టర్లకు తెల్వదా?"

"తెలియదు అన్నా. కానీ నీ చెరుకు వల్ల కాదని మాత్రం తెలుసు."

ఆశన్న ప్రియదర్శిని వైపు చూశాడు. ఆమె ఎప్పుడో రాయడం ఆపేసింది. "నిజమే ఆశన్నా," అంది. "ఐదేళ్ల నుంచి నెలనెలా నా దగ్గరికి వస్తున్నారు. సూది అడిగాను, తిండి అడిగాను, మూత్రం రంగు అడిగాను. ఈ ఒక్కటి అడగాలని నాకు తోచలేదు. తప్పు నాది."

"మల్లొకపారి చెప్పు సారూ," అన్నాడు ఆశన్న నవనీత్‌తో.

నవనీత్ మళ్లీ చెప్పాడు. ఆశన్న తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు, వాననీళ్లే అయినట్టు. ఆ రోజు పాఠం అంతటితో అయిపోయింది. గంగమణి ఒక్క మాటా అనలేదు. ఆమె అంతసేపు ఊరుకోవడం ఆ గదిలో అదే మొదటిసారి.

*

ఇంటికి వెళ్తుంటే వాన తగ్గింది. కాలువ వంతెన దగ్గర గంగమణి అతని భుజం మీద కొట్టింది. "బండి ఆపు."

ఆపాడు. ఆమె దిగి, కొంగు నడుముకు చుట్టి అతని ఎదురుగా నిలబడింది.

"ఏడేండ్లు. ఏడేండ్లు కడుపుల పెట్టుకుంటివా? నాకు చెప్పరాదా?"

"చెప్తే తిడుతవనుకున్న."

"తిట్టకపోదునా! గంగల దుంకుమందును. తిడితే ఒడిసిపోతుండె గదా."

"తిట్టవేమోనని సుత భయమే," అన్నాడు ఆశన్న. "ఊకుంటే మల్ల నీ మొకం ఎట్ల సూడాలె?"

గంగమణికి ఏడుపు వచ్చింది. వంతెన గోడ మీద కూర్చుని ఏడ్చింది. ఆశన్న పక్కన నిలబడ్డాడు, ఏం చెయ్యాలో తెలియక. కళ్లు తుడుచుకున్నాక ఆమె తల ఎత్తకుండా అంది, "నేనేమనుకున్ననో ఎరుకేనా? అది కడుపుల ఉన్నప్పుడు గ్రహణం పట్టింది. మా అవ్వ కదలకుండ పండుకోమన్నది. నేను ఇనకుండ లేసి వంకాయలు కోసిన. గందుకే వచ్చిందనుకున్న. నీకు చెప్పలే."

ఆశన్న తెల్లబోయి చూశాడు. "వంకాయలా?"

"ఆఁ. వంకాయలు."

అతనికి నవ్వు ఆగలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను అంత గట్టిగా నవ్వడం గంగమణి చూడలేదు. "నగుతవేంది, నీ చెరుకు కంటే నా వంకాయలు నయమే," అని మొదట కసిరింది. తర్వాత ఆమె కూడా నవ్వింది. అటుగా పోతున్న ట్రాక్టరువాడు వేగం తగ్గించి, బండి ఖరాబైందా అని అడిగాడు. లేదని చెయ్యి ఊపారు.

తర్వాతి సోమవారం గంగమణి ఆ వంకాయల సంగతి నవనీత్‌కు తానే చెప్పింది. అతను నవ్వలేదు. ఆశన్నకు చెప్పినట్టే, వంకాయల వల్ల కూడా కాదని ఆమెకు రెండుసార్లు చెప్పాడు.

*

సెప్టెంబరు మొదటి వారంలో షాగుఫ్తా మందు కోసం రషీద్, సుగ్రా వచ్చారు. అప్పటికి రెండుసార్లు వచ్చివెళ్లారు. వచ్చినప్పుడల్లా సుగ్రా లోపలికి వచ్చి, తల ఊపి, సీసా తీసుకుని వెళ్లేది. రషీద్ ఆటో దిగేవాడు కాదు. మందు కోసం ఆశన్నతో వచ్చిన గంగమణి ఇది చూసి నవనీత్ వైపు చూసింది. నవనీత్ స్టెతస్కోపు బల్లమీద పెట్టేసి బయటికి నడిచాడు. నేరుగా వెళ్లి రషీద్ ఆటో వెనక సీట్లో కూర్చున్నాడు.

"ఎక్కడికి సార్?" అన్నాడు రషీద్ ఉలిక్కిపడి.

"ఎక్కడికీ లేదు భాయ్. నీతో మాట్లాడదామని. సుగ్రా అక్కా, నువ్వూ కూర్చో."

షాగుఫ్తా తండ్రి ఒళ్లోకి ఎక్కి హ్యాండిలు పట్టుకుంది. ముందు నవనీత్ తన తప్పు చెప్పాడు. ఆ రోజు చాలా విషయాలు ఒకేసారి కుమ్మరించాననీ, ఆమె ఏం అనుకుంటోందో అడగలేదనీ అన్నాడు. తర్వాత అడిగాడు, ఆశన్నను అడిగిందే.

సుగ్రా దుపట్టా కొసను వేలికి చుట్టుకుంది. "మా అమ్మకు షుగరు, మా మేనమామకు షుగరు. నా ఖూనే ఖరాబ్ అంటుండ్రు ఇంట్ల. నేనే బిడ్డకు ఇచ్చిన అంటుండ్రు."

"నేనన్లే," అన్నాడు రషీద్ గబుక్కున.

"నువ్వనలే. అంటుంటే ఊకున్నవ్."

 రషీద్ నవనీత్ వైపు తిరిగి అన్నాడు. "సార్, పసరు మందుకు నేనే తీస్కపోయిన. ఈమె వద్దన్నది, ఏడ్సింది. డాక్టర్ ఏం చెప్పిండని అడిగితే ఏడుస్తది గని ఏం చెప్పదు. నాకు ఎవలు చెప్తరు? పిల్లకు రోజు రెండు సూదులంటే నా పానం ఒప్పలే."

ఇన్నాళ్లూ సుగ్రా మీద తాను పెట్టుకున్న కోపం గుర్తొచ్చి నవనీత్‌కు సిగ్గేసింది. వాళ్లిద్దరికీ ఒకేసారి చెప్పాడు. ఎవరి రక్తం తప్పూ కాదని, అమ్మమ్మ షుగర్ వేరు, షాగుఫ్తా షుగర్ వేరని చెప్పాడు. ఆగి, "ఇంటికెళ్తే మీవాళ్లు అడుగుతారు కదా భాయ్, ఏం చెప్తావ్?" అన్నాడు. రషీద్ తడుముకుంటూ చెప్పాడు. ఒకచోట తప్పాడు. అక్కడ సుగ్రా అందుకుని సరిచేసింది. ఆమె గొంతు అంత స్పష్టంగా నవనీత్ అంతకుముందు వినలేదు.

ఆశన్న ఎప్పుడు వచ్చాడో ఆటో పక్కన నిలబడి ఉన్నాడు. "నా బిడ్డకు పన్నెండేండ్లు," అన్నాడు రషీద్‌తో. "దాని సూది అదే తీసుకుంటది. సైకిల్ మీద బడికి పోతది. సూడాల్నంటే ఐతారం మా ఇంటికి రాండ్రి. పాపను తీస్కరా భాయ్."

ఆదివారం పొద్దున్నే వాళ్లు వెళ్లారు. వందన ఎవరి సాయం లేకుండా తొడకు సూది ఇచ్చుకుంటుంటే షాగుఫ్తా నోరు తెరిచి చూసింది. తర్వాత ఇద్దరూ మేకపిల్లలతో ఆడుకున్నారు. రాత్రి అన్నం ముందు సూది వేళ అయినప్పుడు షాగుఫ్తా తనంతట తానే గౌను అంచు పైకి పట్టుకుని తల్లి ముందు నిలబడిందట. ఈ సంగతి గంగమణి సోమవారం నవనీత్‌కు చెప్తూ రెండుసార్లు కళ్లు ఒత్తుకుంది.

నెలాఖరుకు నవనీత్ గడువు తీరి హైదరాబాదు వెళ్లిపోయాడు. బస్టాండులో గంగమణి మక్క గారెల డబ్బా అతని సంచిలో కుక్కింది.  ఆశన్న బస్సు కదిలేదాకా కిటికీ చువ్వ పట్టుకుని నిలబడ్డాడు. పరీక్ష పాసైన రోజు నవనీత్ దవాఖానకు ఫోను చేసి, మేడమ్‌కు చెప్పాక, గంగమణి అవ్వకు కూడా చెప్పమన్నాడు.

సోమవారాలు మాత్రం ఆగలేదు. కొత్త విడత డాక్టర్లు వచ్చినప్పుడల్లా గంగమణి వచ్చింది. రెండో ఏడు నుంచి సుగ్రా కూడా వచ్చేది. గంగమణి నవ్వించి చెప్పేది, సుగ్రా సూటిగా చెప్పేది. ఇంట్లో ఎవరేమంటున్నారో అడగకుండా ఏ తల్లినీ పంపించవద్దని డాక్టర్ల మొహం మీదే అనేది. వాళ్లు రాసుకునేవారు.

2007లో వందన పదో తరగతి పరీక్షలు రాసింది. ఆ వేసవి సెలవుల్లో ఒక సోమవారం తల్లితో పాటు తానూ వస్తానంది. పైగదిలో ఇద్దరు కొత్త డాక్టర్లు కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒకామె గంగమణి వైపు తిరిగి మర్యాదగా అడిగింది.

"అమ్మా, పాప ఇన్సులిన్ సరిగ్గా తీసుకుంటోందా?"

"నన్నడుగుండ్రి మేడమ్," అంది వందన. "సూది నేను కదా ఇచ్చుకునేది."

గంగమణి నోరు తెరిచింది. ప్రియదర్శిని నవ్వు దాచుకుంటూ, "చెప్పు వందనా," అంది.

"పదేండ్ల నుంచి అందరు మా అవ్వనే అడుగుతరు. నేను పక్కనే ఉంట. బడిల సూది ఎట్ల ఇచ్చుకుంటున్న, దోస్తులు ఏమంటరు, ఎప్పుడన్న మానెయ్యబుద్ధయితదా, నన్నెవలు అడగరు. మా అవ్వ ముందట అడిగినా నేను చెప్పను." తల్లి వైపు తిరిగింది. "అవ్వా, నువ్వు జెరసేపు బయట ఉండు."

"నేనా?"

"ఆఁ. నువ్వే."

గంగమణి లేచింది. తలుపు దగ్గర ఒకసారి వెనక్కి చూసింది. వందన అప్పటికే కుర్చీ ఆ డాక్టరమ్మ ఎదురుగా జరుపుకుంటోంది. పోసవ్వ వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

మెట్ల మీద ఆశన్న కూర్చుని ఉన్నాడు. "ఏందే, అప్పుడే ఒడిసిందా?"

"నన్ను బయటికి పంపింది నీ బిడ్డ."

"లోపట ఏం చెప్తుంది?"

"నాకేం ఎరుక? నా మీదనే చెప్తుండొచ్చు."

లోపల వందన ఏదో అంది, మాట వినిపించలేదు. డాక్టర్లు నవ్వారు. తర్వాత మళ్లీ వందన గొంతు, ఈసారి నెమ్మదిగా, చాలాసేపు. గంగమణి తలుపు దాకా వెళ్లింది. చెవి ఆనించబోయి ఆగింది. తిరిగి వచ్చి ఆశన్న పక్కన కూర్చుంది.